పదకొండు కంప్యూటర్ల సీనియారిటీ

భీమునిరేవు మత్స్యశాఖ కార్యాలయంలో పదకొండు కంప్యూటర్లు ఉండేవి. మే నెల ఇరవై ఎనిమిదో తేదీ మధ్యాహ్నం దాకా అవి ఎంతో సఖ్యంగా బతికాయి. ఏది ముందొచ్చింది, ఏది వెనకొచ్చింది, ఎవరు ఎవరికి లేచి నిలబడాలి అన్న పట్టింపులు వాటి మధ్య ఉన్నట్టు ఎవరూ వినలేదు.

ఆ మధ్యాహ్నం ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులరు దిగింది.

సంగతి చిన్నది. ప్రతి కంప్యూటరులోనూ ప్యాకేజీ మేనేజరు అనే ప్రోగ్రాము ఒకటుంటుంది. మిషనుకి కావలసిన కొత్త సరుకు బయటి నుంచి తెచ్చి లోపల సర్దడం దాని ఉద్యోగం. ఏ కొట్టు నుంచి తేవాలో ఒక చిన్న ఫైలులో ఒక్క మాటగా రాసి ఉంటుంది. శాఖ వారి సిస్టంలో అలాంటి కొట్లు, అంటే రిలీజులు, మూడున్నాయి. మూడింటికీ నదుల పేర్లు పెట్టారు. గోస్తని పాతది. నాగావళి ఇప్పుడు నడుస్తున్నది. వంశధార ఇంకా తయారవుతున్నది. అక్కడ సరుకు తాజాగానే ఉంటుంది గాని ఉడికిందో లేదో పూచీ ఉండదు. భీమునిరేవు మిషన్లన్నీ గోస్తని వెంట నడుస్తున్నాయి. జూన్ పదో తేదీతో గోస్తని కొట్టు కట్టేస్తున్నామనీ, ఆ తర్వాత పడవల వేట లైసెన్సు మీద క్యూఆర్ కోడు పడాలంటే నాగావళిలో ఉన్న మిషను నుంచే పడుతుందనీ సర్క్యులరు సారాంశం. చివర్న ఒక వాక్యం: "కావున తమ కార్యాలయ యంత్రములు ఏ విడుదలను అనుసరించవలెనో నిర్ణయించి, తగు చర్య గైకొనవలెను."

మార్చండి అని ఊరుకుంటే సరిపోయేది. నిర్ణయించమన్నారు.

ఉమ్మిడి పోలేశ్వరి ఆ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటర్ ఆపరేటరు. వలలు అల్లే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషై, పట్నం కాలేజీలో కంప్యూటర్లతో బీయస్సీ చదువుకుంది. సర్క్యులరు చదివి వేళ్ళ మీద లెక్క చూసుకుంది. ఫైలు తెరవాలి, గోస్తని కొట్టేసి నాగావళి అని రాయాలి, అప్‌డేట్ చెయ్యమనాలి. పదకొండింటికీ కలిపి ఒక పూట. లైసెన్సులు ముద్రించే సర్వరు ఒక్కటే అయితే కాఫీ తాగి వచ్చేంత సేపు.

అడక్కుండా చేసేస్తే అయిపోయేది. కాని పోలేశ్వరి చెప్పింది చేసే మనిషి, చెప్పంది అడిగి చేసే మనిషి. తెల్లకాయితం తీసి గుండ్రటి అక్షరాలతో నోటు రాసింది. "ముందుగా లైసెన్సులు ముద్రించు సర్వరును, తర్వాత తక్కిన పది కంప్యూటర్లను నాగావళికి మార్చుటకు అనుమతి కోరడమైనది."

ఆమెకు కంప్యూటర్లు తెలుసు. ఆఫీసు ఇంకా తెలియదు.

నోటు సూపరింటెండెంటు గారి బల్ల దాకా వెళ్ళడానికి దారిలో సీనియర్ అసిస్టెంటు బలగ కూర్మారావు బల్ల దాటాలి. ఆయన ఉద్యోగుల సంఘానికి కార్యదర్శి. ఎవరి ఫైలైనా ఆయన బల్ల మీద ఒక గుక్క నీళ్ళు తాగి వెళుతుంది.

"ఏటమ్మా ఇది? సర్వరు ముందేటి?" అన్నాడు కూర్మారావు, నోటును వెలుతురుకేసి పట్టి.

"లైసెన్సులు దాన్నుంచే రావాలి కదండీ."

"వస్తే వొచ్చు. అది ఈ ఆపీసులో ఎప్పుడు దిగింది? మొన్న. అట్టముక్క వాసన ఇంకా పోలేదు. నా మిషను రెండువేల పదకొండులో వొచ్చింది. పద్నాలుగేళ్ళ సర్వీసు. దాన్ని గోస్తనిలో కూకోబెట్టి, నిన్న గాక మొన్నొచ్చినదాన్ని నాగావళి ఎక్కిస్తావా? రేపు మనుషులకీ ఇలాగే సేస్తారు. సంఘం ఒప్పుకోదు."

పోలేశ్వరి నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేసింది.

సూపరింటెండెంటు త్రినాథ పాణిగ్రాహి గారికి సర్వీసు రూల్సు కంఠతా వచ్చు. రేవుకి రెండు ఫర్లాంగుల దూరంలో ముప్పైమూడేళ్ళు పనిచేసి, సముద్రం వైపు కిటికీ ఒక్కసారీ తియ్యలేదు, ఫైళ్ళు ఎగురుతాయని. ఆయన నోటునూ, దాని పక్కన కూర్మారావు ఎర్రసిరాతో రాసిన అభ్యంతరాన్నీ చదివి, పోలేశ్వరిని పిలిచి కూర్చోబెట్టారు.

"తల్లీ, గోస్తని కింద ఉంది. నాగావళి పైన ఉంది. అంతేనా?"

"పాతది, కొత్తది. అంతేనండీ."

"కిందదాన్ని పైకి పంపిస్తే దానికి అధికారాలేమైనా పెరుగుతాయా?"

"క్యూఆర్ కోడుతో లైసెన్సు ఇవ్వగలదండి."

"కిందుంటే ఇవ్వలేదు?"

"పదో తారీకు తర్వాత ఇవ్వలేదండి."

"ఒకసారి పైకెళ్ళాక మళ్ళీ కిందికి దింపడం?"

"చాలా కష్టమండి. మొత్తం తుడిచి మళ్ళీ పెట్టాలి."

పాణిగ్రాహి గారు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "కింది నుంచి పైకి వెళ్ళడం. అధికారాలు పెరగడం. కారణం లేకుండా వెనక్కి దింపడానికి వీల్లేకపోవడం. నా సర్వీసులో ఈ మూడూ ఉన్నది ఒక్కటే చూశాను. ప్రమోషను."

"అవి మిషన్లు కదండీ."

"మిషన్లే. కాని ప్రభుత్వ మిషన్లు. సర్వీసు పుస్తకంలో మనిషి అని ఎక్కడా లేదమ్మా, 'సేవలో ఉన్నవారు' అని ఉంది. సేవలో లేనివి ఈ ఆఫీసులో ఏవో చెప్పు? కుర్చీలు కూడా సేవలోనే ఉన్నాయి."

ఫైలు సహాయ సంచాలకులు ముకుందరాజు గారి దగ్గరికి వెళ్ళింది. ఆయన అవుననీ కాదనీ రాసి ఎరగరు. ఏ ఫైలు మీదైనా 'చర్చించండి' అని రాస్తారు. చర్చించారు. ఆయనకు విషయం తెగ నచ్చింది.

"యంత్రాల విషయంలో కూడా పారదర్శకత, జవాబుదారీతనం," అన్నారు ఆయన, ఫ్యాను కేసి చూస్తూ. "ఇది మన కార్యాలయం నుంచి ఒక నమూనాగా వెళ్ళాలి. సీనియారిటీ జాబితా తయారు చేయించండి. అభ్యంతరాలకు ఏడు రోజులు గడువివ్వండి."

"సార్, వేట నిషేధం పద్నాలుగుతో అయిపోతుందండి," అంది పోలేశ్వరి. "పదిహేను పొద్దున నూట నలభై మూడు పడవలు సముద్రం మీదికి వెళ్ళాలి. లైసెన్సు లేకపోతే మెరైన్ పోలీసులు రేవులోనే ఆపేస్తారు."

"అందుకే త్వరితగతిన ఏడు రోజులన్నాను. మామూలుగా పదిహేను."

జూన్ ఒకటిన నోటీసుబోర్డు మీద జాబితా అంటించారు. తయారు చేసింది పోలేశ్వరే. వేరే ఎవరికీ ఎక్సెల్ రాదు. కొన్న తేదీయే చేరిన తేదీ. పదకొండో నంబరు, అందరికన్నా జూనియరు, సర్వరు. ఒకటో నంబరు రికార్డు రూములో ఉన్న రెండువేల నాలుగు నాటి పెట్టె. దాని లోపలి సామానంతా ఏనాడో పోయింది. ఖాళీ డొల్లలో అటెండరు అగరొత్తులు, కర్పూరం, అగ్గిపెట్టె దాచుకుంటాడు.

"దీన్ని తీసేద్దామా సార్?" అని అడిగింది పోలేశ్వరి.

పాణిగ్రాహి గారు అదిరిపడ్డారు. "రిటైరయిందా? లేదు. డిస్మిస్ చేశామా? లేదు. రాజీనామా ఇచ్చిందా? పేరు తీసే అధికారం నీకూ లేదు, నాకూ లేదు, పైన భగవంతుడికి కూడా ప్రధాన కార్యాలయం అనుమతి కావాలి."

ఏడు రోజుల్లో తొమ్మిది అభ్యంతరాలు వచ్చాయి. కూర్మారావు మిషనూ, క్యాషియరు మిషనూ ఒకే రోజు, ఒకే బిల్లు మీద వచ్చాయి. రెండిట్లో ఏది పెద్దది? మనుషుల్లో అయితే పుట్టిన తేదీ చూస్తారు. కూర్మారావు తన మిషనును బోర్లా పడుకోబెట్టి, అడుగున ఉన్న స్టిక్కరును గోటితో గీకి, తయారైన తేదీ బయటికి తీశాడు. క్యాషియరు తన మిషను వారంటీ కార్డును జిరాక్సు తీసి, గెజిటెడ్ అధికారి సంతకంతో సమర్పించాడు. కూర్మారావు మిషను పదకొండు రోజులు పెద్దదని తేలింది. ఆ సాయంత్రం ఆయన ఆఫీసంతటికీ మైసూరుపాకు పంచాడు.

"తీసుకోమ్మా," అన్నాడు పోలేశ్వరితో, "న్యాయం గెలిసింది."

మైసూరుపాకు బాగానే ఉంది. పోలేశ్వరి రెండు ముక్కలు తింది.

తర్వాత రహస్య నివేదికల వంతు వచ్చింది. ప్రతి మిషను నడతా రాయాలి. సమయపాలన, విధేయత, పై అధికారుల పట్ల ప్రవర్తన. నాలుగో నంబరు మీద పాత కేసొకటి బయటపడింది. ఎప్పుడో దానికి వైరసు పట్టి, పీతల ఎగుమతి నివేదికంతా తారుమారైంది. అప్పట్లో ఎవరూ విచారణ జరపలేదు. పాణిగ్రాహి గారు ఛార్జిమెమో టైపు చేయించి, దాని తెర మీద గమ్‌తో అంటించి, అందినట్టు ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నారు. విచారణాధికారి కూర్మారావు.

ఆయన నాలుగో నంబరు ముందు కుర్చీ వేసుకు కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"నీ మీద మోపిన అభియోగానికి నీవు చెప్పుకొనునది ఏమైనా ఉన్నదా?" అన్నాడు.

సాక్షులు పెన్నులు సిద్ధం చేసుకున్నారు.

"రెండోసారి అడుగుతున్నాను."

బయట వరండాలో ఎవరో తుమ్మారు.

"అది రాయకండి," అన్నాడు కూర్మారావు సాక్షులతో. "మూడోసారి అడుగుతున్నాను... రాయమ్మా పోలేశ్వరీ. 'అపరాధి మౌనము వహించినది.'"

"సార్, దానికి కరెంటు తీసేసి ఉందండి."

"అదీ రాయి. 'విచారణకు సహకరించలేదు.'"

ఇక మిగిలింది ఖాళీల సంఖ్య. నాగావళిలో ఎన్ని పోస్టులున్నాయని పాణిగ్రాహి గారు అడిగారు. ఎన్ని మిషన్లయినా వెళ్ళొచ్చు, పరిమితి లేదంది పోలేశ్వరి.

ఆయన జాలిగా చూశారు. "చిన్నపిల్లవి. పరిమితి లేని పై పోస్టు ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా?"

ప్రధాన కార్యాలయాన్ని అడిగారు. ఈ ఉత్తరం చూసి అక్కడివాళ్ళయినా నవ్వుతారని పోలేశ్వరి ఆశపడింది. ఆరు నెలలకు గాని జవాబివ్వని ఆ కార్యాలయం రెండు రోజుల్లో జవాబిచ్చింది. "భీమునిరేవు కార్యాలయమునకు నాగావళి శ్రేణిలో ఆరు స్థానములు మంజూరు చేయడమైనది. పదోన్నతి కమిటీ ఆమోదించిన యంత్రముల నంబర్లు మాత్రమే ఇచ్చటి సంతకాల సర్వరులో నమోదు చేయబడును. తమ కార్యాలయము చూపిన చొరవ అభినందనీయము. ఇదే విధానమును అన్ని జిల్లాలకు విస్తరించు విషయము పరిశీలనలో ఉన్నది."

ముకుందరాజు గారు ఆ ఉత్తరానికి ఫ్రేము కట్టించారు.

పోలేశ్వరికి మాత్రం ఆ ఉత్తరంతో ఒక తలుపు మూసుకుపోయింది. అప్పటిదాకా ఆమె మనసులో ఒక మూల, ఎవరూ చూడనప్పుడు సర్వరు ముందు కూర్చుని ఆ ఒక్క మాటా మార్చేద్దామన్న ఆలోచన ఉండేది. ఒకసారి ఫైలు తెరిచి గోస్తని చివర కర్సరు పెట్టింది కూడా. అనుమతి లేదని గుర్తొచ్చి మూసేసింది. ఇప్పుడు మార్చినా లాభం లేదు. కమిటీ పంపిన నంబరు కాకపోతే అవతల సంతకం పడదు, ఆ సంతకం లేకుండా క్యూఆర్ కోడు రాదు.

పదో తేదీన గోస్తని కట్టేశారు. పదకొండున పడవల తనిఖీ పూర్తయింది. అది కాకుండా లైసెన్సు ఇవ్వరు. పన్నెండు పొద్దున వరండా నిండిపోయింది.

ముందు వరసలో పోలేశ్వరి మేనమామ కారి దాసయ్య ఉన్నాడు. కొత్త రంగు వేసిన పడవ ఆయనది. చేతి గోళ్ళలో నీలంరంగు ఇంకా పోలేదు.

"అమ్మీ," అని కిటికీలోంచి పిలిచాడు. "మా కాయితాలేటే? సెరువులో సేపలు కావే అవి, మన కోసం ఆగిపోడానికి. రెండు నెల్ల బట్టి వలేసినోడు లేడు. మొదటి రోజు పడినట్టు మళ్ళీ ఏడాదిలో పడదు. అవతల రేవులోల్లు పదిహేనున తెల్లారకుండా దిగిపోతారు. మనం గట్టు మీద కూకుని ఆల్ల పడవలు లెక్కెట్టుకోవాలా?"

"వచ్చేస్తాయి మావా."

"నిన్నా అదే అన్నావు."

"సర్వరు అప్‌డేట్ అవ్వాలి."

"అంటే?"

"లోపల ఒక మాట మార్చాలి."

"మార్చెయ్యవే మరి!" అన్నాడు దాసయ్య, పక్కవాళ్ళకేసి తిరిగి చూస్తూ. "మాట మార్చడం ఎంతసేపు? మా బామ్మర్ది పొద్దుటికీ సాయంత్రానికీ మూడుసార్లు మారుత్తాడు."

వరండా అంతా నవ్వింది. పోలేశ్వరి కూడా నవ్వింది గాని, నవ్వు పూర్తి కాలేదు. ఆ వరండాలో సగంమంది ఆమెను ఎత్తుకు తిప్పినవాళ్ళే. లైసెన్సులు రాకపోతే ఆఫీసు కుదరదందని ఎవరూ అనుకోరు. పోలేశ్వరి ఆపేసిందనుకుంటారు.

ఆ మధ్యాహ్నం పదోన్నతి కమిటీ కూర్చుంది. జీడిపప్పు, టీ వచ్చాయి. పోలేశ్వరి జాబితా చదువుతుంటే పాణిగ్రాహి గారు రూలు చెప్పారు, ముకుందరాజు గారు తల ఊపారు.

"ఒకటో నంబరు."

"సీనియర్ మోస్ట్. అభియోగాలు లేవు. ఇరవై ఏళ్ళుగా ఒక్క తప్పు చెయ్యలేదు," అన్నారు పాణిగ్రాహి గారు.

"అది ఏ పనీ చెయ్యలేదండి," అంది పోలేశ్వరి.

"మచ్చలేని రికార్డు అంటే అదే తల్లీ. అర్హత ఉంది."

రెండు, మూడు అర్హత పొందాయి. నాలుగో నంబరు మీద విచారణ తేలలేదు గనక దాని ఫలితం సీల్డు కవరులో పెట్టారు. అయిదు, ఆరు, ఏడు అర్హత పొందాయి. దాంతో ఆరు స్థానాలూ నిండిపోయాయి.

"సార్, లైసెన్సుల ప్రోగ్రాము సర్వరులో తప్ప ఇంకెందులోనూ లేదండి. మిగతా వాటికి దాన్ని మోసే సత్తువ లేదు. పదకొండో నంబరు పేరు కూడా..."

"దానికి ప్రొబేషను ఖరారు కాలేదు. చేరిన ఫైలు కనిపించడం లేదు," అన్నారు పాణిగ్రాహి గారు. "చేరిందో లేదో తెలియనిదాన్ని ఎలా ఎక్కిస్తాం?"

"రోజూ పని చేస్తోంది కదండీ!"

"పని చెయ్యడం వేరు, చేరడం వేరు."

ముకుందరాజు గారు జీడిపప్పు నములుతూ అన్నారు: "అమ్మాయ్, నీ ఆవేదన అర్థమైంది. దాన్ని కూడా మినిట్స్‌లో రాయి." ఆమె రాసింది. తన ఆవేదనను తానే టైపు చేసి, మూడు కాపీలు తీసి, ఫైలులో పెట్టింది.

పదమూడున పోలేశ్వరి ఆఫీసుకి ముందే వచ్చింది. తాళాలు ఇంకా తియ్యలేదు. వరండా మెట్ల మీద కూర్చుంటే ఎదురుగా పేర్ల బోర్డు కనిపించింది. మూడేళ్ళుగా దాని కింద నుంచి నడుస్తోంది, ఎప్పుడూ చదవలేదు. ముకుందరాజు, సహాయ సంచాలకులు. కింద, సంయుక్త సంచాలకులు, పూర్తి అదనపు బాధ్యతలు. త్రినాథ పాణిగ్రాహి, సూపరింటెండెంటు. కింద, పరిపాలనాధికారి, పూర్తి అదనపు బాధ్యతలు, ఆరేళ్ళుగా. బలగ కూర్మారావు కూడా రెండు సీట్ల అదనపు బాధ్యతల మీదే ఉన్నాడు. అసలు ఆ బోర్డు మీద తన పోస్టులో తాను మాత్రమే ఉన్న మనిషి లేడు.

తాళాలు తీసేసరికి ఆమె నోటు సగం అయింది. ఈసారి అక్షరాలు అవే గుండ్రటివి, మాటలు మాత్రం వేరే పెట్టింది.

"పదోన్నతి పొందిన యంత్రము నం. 1 జూన్ 14 పూర్వాహ్నమున నాగావళి శ్రేణిలో చేరినట్లు, చేరిన వెంటనే ఆంతరంగిక అనారోగ్య కారణముల వలన దీర్ఘకాల సెలవుపై వెళ్ళినట్లు పరిగణించవచ్చును. సదరు సెలవు కాలములో ప్రజాప్రయోజనము దృష్ట్యా, యంత్రము నం. 1 యొక్క నాగావళి విధులను యంత్రము నం. 11 పూర్తి అదనపు బాధ్యతలుగా నిర్వర్తించవచ్చును. ఇందువలన నం. 11 కు సీనియారిటీ గాని, పదోన్నతి గాని, భవిష్యత్తులో ఎట్టి హక్కు గాని సంక్రమించదు. నం. 1 తరఫున నం. 11 పనిచేయుచున్నట్లు ప్రధాన కార్యాలయమునకు తెలుపవచ్చును."

పాణిగ్రాహి గారు ఒకసారి చదివారు. కళ్ళజోడు తుడుచుకుని మరోసారి చదివారు. రెండోసారి చదువుతున్నప్పుడు పెదవులు కదిలాయి, నచ్చిన పద్యం చదివినట్టు.

"ఎవరు రాసిచ్చారు తల్లీ?"

"నేనేనండి."

"డిగ్రీలో ఏం చదివావు?"

"కంప్యూటర్లండి."

"నిన్ను వృథా చేశారు," అన్నారు పాణిగ్రాహి గారు, నిజమైన బాధతో.

కూర్మారావు మాత్రం వెంటనే వదల్లేదు. "అయితే దీంతో మా మిషన్లకి సీనియారిటీ పోదు గదా?"

"ఎప్పటికీ పోదు సార్."

"అది పని సేస్తాది. పేరు ఒకటో నంబరుది."

"అవునండి."

"జూనియరు పని సెయ్యడం, సీనియరు పేరుండడం," కూర్మారావు తల పంకించాడు. "సంఘానికి అభ్యంతరం లేదు. ఇన్నాళ్ళ బట్టి మేం అడుగుతున్నదదే."

పద్నాలుగు పొద్దున అటెండరు చేత ఒకటో నంబరు డొల్లలోంచి అగరొత్తులు తీయించి, దాన్ని తుడిచి, పదిన్నరకు నాగావళి శ్రేణిలో చేర్చుకున్నారు. పదీ ముప్పై అయిదుకు అది సెలవు మీద వెళ్ళింది. పదకొండింటికి అగరొత్తులు మళ్ళీ లోపలికి వెళ్ళాయి. పదకొండున్నరకు ముకుందరాజు గారు 'చర్చించండి' అని రాసి, చర్చ కూడా అప్పుడే అయిందని కింద సంతకం పెట్టారు. పన్నెండుకు ప్రధాన కార్యాలయం నుంచి సమాధానం వచ్చింది. పదకొండో నంబరును నమోదు చేశారు.

పోలేశ్వరి సర్వరు ముందు కూర్చుంది. ఫైలు తెరిచింది. గోస్తని కొట్టేసింది. నాగావళి అని రాసింది. ప్యాకేజీ మేనేజరు కొత్త కొట్టుకి వెళ్ళి సరుకు తెచ్చుకుంటుంటే తెర మీద వరసలు పరిగెత్తాయి. అంతా కలిపి ఇరవై రెండు నిమిషాలు. ప్రింటరు దగ్గి, మొదటి లైసెన్సు బయట పెట్టింది. క్యూఆర్ కోడు శుభ్రంగా పడింది. అడుగున చిన్న అక్షరాలతో ఒక పంక్తి ఉంది: "జారీ చేసినది: యంత్రము నం. 1 (సెలవులో). తరఫున: యంత్రము నం. 11 (పూర్తి అదనపు బాధ్యతలు)."

ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి ఇచ్చింది. తీసుకున్నవాళ్ళు మెట్లు దిగకుండా దూకి రేవు వైపు పరిగెత్తారు. మంచుపెట్టెల బళ్ళు కదిలాయి. ఎవరో పడవ ఇంజను కొట్టి చూసుకుంటున్న చప్పుడు ఆఫీసు దాకా వినిపించింది. వరండా ఖాళీ అయ్యేసరికి సాయంత్రం నాలుగైంది. అయినవాళ్ళకి ముందిచ్చిందన్న మాట పడకూడదని దాసయ్య కాయితాన్ని ఆమె ఆఖర్ని పెట్టింది. నూట నలభై మూడోది.

దాసయ్య లోపలికి వచ్చి, కాయితాన్ని రెండు చేతులతో అందుకుని, వేడిగా ఉందని నవ్వాడు.

"ఇంతకీ అమ్మీ, ఆ మాట మార్చడానికి ఎంతసేపు పట్టిందే?"

"మాట మార్చడం ఒక్క నిమిషం మావా. మొత్తం ఇరవై రెండు నిమిషాలు."

"మరి పదిహేడు రోజులు ఏటి సేసినారు?"

పోలేశ్వరి నోరు తెరిచింది. ఏదో తేలిగ్గా చెబుదామనే తెరిచింది.

"అది కాదు మావా. సర్వరుకి ప్రొబేషను ఖరారు కాలేదు. నేరుగా ఇస్తే సీనియర్ల హక్కులకు భంగం కలుగుతుంది. అందుచేత ముందుగా ఒకటో నంబరును శ్రేణిలో చేర్చుకుని, అది సెలవుపై ఉన్న కాలానికి పరిమితమై, భవిష్యత్తులో ఎట్టి హక్కూ సంక్రమించకుండా, ప్రజాప్రయోజనం దృష్ట్యా పదకొండో నంబరుకు..."

చెబుతూ చెబుతూ మావ కేసి చూసింది. దాసయ్య నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. తల గుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. పాణిగ్రాహి గారి బల్ల ముందు ఎలా నిలబడతాడో అలా, ఒంటికాలి మీద బరువు వేసి, కొంచెం వంగి నిలబడ్డాడు. ఆమె ఆగాక కూడా, ఇంకేమైనా ఉందేమోనని మర్యాదగా కాసేపు చూశాడు.

"సిత్తం మేడం," అన్నాడు.

తన వెనక ఎవరొచ్చారా అని పోలేశ్వరి తిరిగి చూసింది. ఎవరూ లేరు.